ఎడమ కాలువ నుంచి కుడి కాలువకు

2023 జూన్ మొదటి వారం. వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటి, పొందుగలలో టీకి ఆగాం. మా సామాను తెస్తున్న డీసీఎం డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని వంతెన వైపు చూపిస్తూ, "అయిపోయిందక్కా తెలంగాణ. ఇగ మీరు ఆంధ్రోళ్లు" అని నవ్వాడు. మా అత్తయ్య నవ్వలేదు. ఆవిడ పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా మిర్యాలగూడలోనే. అక్కడికీ ఈ వంతెనకీ గంట ప్రయాణం కూడా ఉండదు. అయినా సామాను సర్దుకుని దీన్ని దాటాల్సి వస్తుందని డెబ్బై ఏళ్లలో ఎన్నడూ అనుకోలేదట.

మావారు గణపవరంలో ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిగా చేరారు. గణపవరం చిలకలూరిపేటను ఆనుకునే ఉంటుంది కానీ, మండలం మాత్రం నాదెండ్ల. పేటలో అద్దెలు విని, మండల కేంద్రమైన నాదెండ్లలోనే ఇల్లు చూసుకున్నాం. హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర మాకో రెండు గదుల ఫ్లాట్ ఉంది. అప్పు తీరిపోయింది. దాన్ని అమ్మేసి ఇక్కడ సొంత ఇల్లు కొనుక్కోవాలా, లేక దాన్ని అలాగే ఉంచి ఇక్కడ అద్దెకు ఉండాలా? ఆ రోజు కారులో దాచేపల్లి నుంచి నరసరావుపేట దాకా మేం వాదించుకున్నది ఇదే.

కిరాయి కాదు, అద్దె

పిడుగురాళ్ల సున్నపు బట్టీల తెల్లదుమ్ము దాటి, నరసరావుపేట మీదుగా ఇటు వచ్చేసరికి నేల రంగు మారిపోయింది. ఎటు చూసినా నల్లరేగడి. పత్తి, మిర్చి, పొగాకు. కాలువ పారే చోట వరి. దూరంగా ఒకవైపు కోటప్పకొండ, మరోవైపు కొండవీడు కొండలు.

నాదెండ్ల అనగానే చాలామందికి ఇంటిపేరు గుర్తొస్తుంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచాక, దాన్ని ఏలిన నాదిండ్ల గోపమంత్రి తిమ్మరుసుకు మేనల్లుడు. ఊరి పేరు ఇంటిపేరుగా మారేది ఊరు వదిలి వెళ్లినవాళ్లకే కదా. ఊళ్లో ఉన్నవాణ్ని "నాదెండ్ల ఆయన" అని ఎవరూ పిలవరు. వలస వెళ్లినవాడే ఊరిని పేరులో మోసుకుపోతాడు.

మా ఇంటి ఓనరు ఎనభైకి దగ్గరపడ్డ రైతు. నేను బాబాయి గారూ అంటాను. మొదటి రోజు "కిరాయి ఎంత తీసుకుంటారు" అని అడిగితే, "కిరాయి ఏందమ్మాయ్, అది ఆటోకి. ఇంటికి అద్దె" అని సరిచేశారు. నెలకు 6 వేలు. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా, పక్కన కాస్త మట్టి నేల. అత్తయ్య ఆ మట్టి నేలను చూసి మొదటిసారి కాస్త మెత్తబడింది.

మాటలే కాదు, కొలతలూ వేరు. హైదరాబాద్‌లో మేం గజాలు అనేవాళ్లం. మా ఊళ్లో గుంటలు. ఇక్కడ సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. మా గుంట అంటే ఇక్కడ రెండున్నర సెంట్లు. ఈ లెక్క నోటికి రావడానికి నాకు నెల పట్టింది. అడ్రసు సంగతి మరీ తమాషా. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. మేం వచ్చేనాటికి కొన్ని కాగితాల్లో గుంటూరు జిల్లా, కొన్నింటిలో పల్నాడు జిల్లా. "పేటకు వెళ్లొస్తా" అంటే చిలకలూరిపేటా, నరసరావుపేటా అని అడిగి తెలుసుకోవాలి.

మనసు పడ్డ ఇల్లు

రెండో నెలలోనే ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఐదు సెంట్ల స్థలం, స్లాబు ఇల్లు, కొత్తగా రంగులు. వారసులు విదేశంలో స్థిరపడ్డారు. 30 లక్షలు చెప్పారు. మావారు ఆ రాత్రే కాగితం తీసి లెక్క వేశారు.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి నూటికి ఏడున్నర. అంటే 2 లక్షల 25 వేలు. మేం కట్టే అద్దె ఏడాదికి 72 వేలు. కాగితం మన పేరు మీదకు మారేందుకే మూడేళ్ల అద్దె అయిపోతుందన్నమాట. ఫ్లాట్ అమ్మకుండా 20 లక్షలు అప్పు చేస్తే, తొమ్మిది శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకు నెలకు 18 వేల వాయిదా. మొదటి నెల కట్టే 18 వేలలో 15 వేలు వడ్డీకే పోతుంది. "అద్దె కడితే డబ్బు నీళ్లపాలు" అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, వడ్డీ కూడా బ్యాంకుకు కట్టే అద్దే. వాయిదాలు కడుతున్నన్నాళ్లూ మన నెత్తిన ఇంకో ఇంటి ఓనరు ఉన్నట్టే.

పైగా అది గ్రామకంఠంలోని స్థలం. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన ఇంటికి పన్ను రసీదులు ఉంటాయి గానీ, వరుసగా లింకు డాక్యుమెంట్లు ఉండకపోవచ్చు. బ్యాంకు లాయరు ముందు అడిగేది అవే. ఈసీ తీయించి, లింకు కాగితాలు చూపించి, వారసులందరూ సంతకాలు పెడతారని తేలాకే అడ్వాన్సు ఇవ్వాలి. మేం ఆశపడ్డ ఇంటికి ఒక వారసుడి సంతకం గురించే నాలుగు నెలలు నానింది.

బాబాయి గారు మాత్రం కాగితాల జోలికి పోలేదు. "ఒక వాన, ఒక ఎండ చూడండమ్మాయ్. ఇది రేగడి. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే నెర్రెలిస్తది. పునాది గట్టినేల దాకా పోకపోతే, గ్రావెలు పోసి అణచకపోతే, ఎంత రంగులేసినా గోడ నిజం చెప్పేస్తది" అన్నారు.

ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. తీరా డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పంటంతా నీళ్లలో. నేల తాగగలిగినంతా తాగింది. తర్వాత ఏప్రిల్ ఎండలకు అదే నేల అరచెయ్యి దూరేంత నెర్రెలు వాసింది. అప్పుడు ఆ ఇల్లు మళ్లీ చూడటానికి వెళ్లాం. కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులు. నా వేలు పట్టింది. మొదటిసారి చూసినప్పుడు అక్కడ కొత్త రంగే ఉంది.

"మీవోళ్లు"

ఈలోగా ఒక ఫోను వచ్చింది. అది ఇంటి బేరం కంటే ఎక్కువగా నన్ను కదిలించింది.

2023 నవంబరు 30. తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు. ఆ తెల్లవారుజామునే ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీద సగం గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకున్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. టీవీల నిండా అదే వార్త. సూర్యాపేట నుంచి మా అమ్మ ఫోను చేసి, "మీవోళ్లు నీళ్లు గుంజుకపోతున్నరట గదనే?" అంది.

మీవోళ్లు! నేను ఇక్కడికొచ్చి ఆరు నెలలే.

నాగార్జునసాగర్‌కు రెండు కాలువలు. ఎడమది లాల్‌బహదూర్ కాలువ, మిర్యాలగూడ వైపు పోతుంది. కుడిది జవహర్ కాలువ, పల్నాడు మీదుగా ఇటు వస్తుంది. అత్తయ్య యాభై ఏళ్లు ఎడమ కాలువ నీళ్లతో పండిన బియ్యం తింది. ఇప్పుడు కుడి కాలువ నీళ్లతో నింపిన చెరువు మీద ఆధారపడ్డ ఊళ్లో ఉంది. డ్యామ్ ఒకటే. ఆ రోజు ఎవరి పక్షాన మాట్లాడాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మావారు టీవీ కట్టేశారు. అత్తయ్య బిందె తీసుకుని వెళ్లి నీళ్లు పట్టుకొచ్చింది.

ఇల్లు కొంటేనే ఊరివాళ్లమవుతామని అనుకునేదాన్ని. అద్దె ఇంట్లో ఉండగానే నన్ను అవతలి గట్టుకు చేర్చేశారు.

ఇలాంటిదే మా అబ్బాయి చదువు. వాడు ఇక్కడ తొమ్మిదో తరగతిలో చేరాడు. ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే, పై చదువుల సీట్లకు అక్కడ లోకల్. మనకు ఎక్కడ ఎన్ని ఇళ్లున్నా ఆ లెక్కలోకి రావు. బడి హాజరు పట్టీయే చూస్తారు. వాణ్ని హైదరాబాద్ హాస్టల్లో వేద్దామా అని ఒక వారం తర్జనభర్జన పడ్డాం. వాడే తేల్చేశాడు, "నేను ఇక్కడే ఉంటా" అని. అంటే 2027 దాకా మేమూ ఇక్కడే. చివరికి బండి నంబరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ఏడాది దాటి వేరే రాష్ట్రంలో తిప్పాలంటే పాత ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఊరు మారేవాళ్లు ఇంటి లెక్క వేసుకునేటప్పుడు ఈ ఖర్చు మర్చిపోతారు.

కౌలుకు వెళ్లినాయన, కొనుక్కున్నాయన

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, "ఇంతకీ కొనమంటారా, వద్దంటారా?" అని బాబాయి గారిని సూటిగా అడిగాను. ఆయన తమ ఇంటి కథ చెప్పారు.

సాగర్ నీళ్లు రాకముందు ఇది మెట్ట. వాన పడితేనే పంట. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక, కోస్తా జిల్లాల నుంచి ఎంతోమంది రైతులు కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లారు. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ నాలుగైదు ఎకరాలు వచ్చే రోజులు. వాళ్లు వేసుకున్న పల్లెలను ఇప్పటికీ క్యాంపులు అనే పిలుస్తారు. బాబాయి గారి నాన్న, పెదనాన్న కూడా ఆ దారే పట్టారు. పెదనాన్న ఇక్కడి పొలం మొత్తం అమ్మి, సింధనూరు దగ్గర కొనేశారు. నాన్న మాత్రం, "ముందు నీళ్లు ఎట్టా వస్తయ్యో చూద్దాం" అని కౌలుకు చేశారు.

"1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి సాగర్ కాలవలకి నీళ్లు వదిలింది. ఇక్కడ పొలం ఉంది గదా, మా నాయన మరుసటేడే తిరిగొచ్చాడు. పెదనాయన రాలేదు. వస్తే యాడికి రావాలి? అమ్మేసుకున్నాడు గదా" అన్నారు.

"అయితే కౌలే మంచిదన్నమాట" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "వాళ్ల మనవలు అక్కడ నలభై ఎకరాలు చేస్తన్నారు. కన్నడం మనకంటే బాగా మాట్లాడతారు. మా నాయనకి ఇక్కడ కాలవ నీళ్లొచ్చినయ్. ఆయనకి అక్కడ ఊరొచ్చింది. కొన్నోడు అక్కడోడయ్యాడు, కౌలుకి చేసినోడు ఇంటికొచ్చాడు. ఎవరిది మంచిదని ఏం చెప్పేదమ్మా? మీకు తిరిగి పోవాలనుందా లేదా, ముందు అది చూసుకోండి."

ఆ రాత్రి మావారికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. లెక్కల కాగితాల మీద మేం ఎప్పుడూ రాయని ప్రశ్న అదే. రాష్ట్రాలకే ఈ తడబాటు తప్పలేదు కదా. 2014 విభజన చట్టంలో హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా పెట్టారు. 2016లో వెలగపూడికి సచివాలయం తరలినప్పుడు చాలామంది ఉద్యోగులు కుటుంబాలను అక్కడే ఉంచి, ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని, శుక్రవారం సాయంత్రం రైలెక్కేవాళ్లు. మావారి తోటి ఉద్యోగి ఒకాయన మాత్రం ధైర్యం చేసి అప్పట్లో తుళ్లూరు దగ్గర స్థలం కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక, పాప పెళ్లికి అమ్ముదామంటే అడిగే నాథుడు లేడట. కొనడంలో తొందర ఒక తప్పయితే, కబుర్లు నమ్మి కొనడం ఇంకో తప్పు.

కొనడం, అద్దె అనే ఆలోచనే లేనివాళ్లు కూడా ఇక్కడికి ఏటా వస్తారు. జనవరి దాటాక మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. పొలం గట్టున పట్టాలు కట్టుకుని, పిల్లల్ని పక్కన పెట్టుకుని, కోతలు అయిపోగానే వెళ్లిపోతారు. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయ మధ్య వాళ్లు వంట చేసుకోవడం చూసినప్పుడు, మా 30 లక్షల గొడవ గురించి ఎవరితోనైనా చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఈ జూన్‌కి

ఇది 2025 జూన్. ఇల్లు కొనలేదు. ఫ్లాట్ అమ్మలేదు. దాని కిరాయి ఇక్కడి అద్దెకు సరిపోయి, ఇంకా మిగులుతోంది. అబ్బాయి ఇంటర్‌లో చేరాడు. శివరాత్రికి స్నేహితులతో కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి, ప్రభల కింద తెల్లవార్లూ తిరిగి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. హైదరాబాద్‌లో చుట్టాలు ఎవరన్నా "మీదే ఊరు" అంటే తడుముకోకుండా నాదెండ్ల అంటాడు. వాడు తిరిగి వెళ్తాడన్న ఆశతో ఫ్లాట్ అట్టిపెట్టాం. వాడికి ఆ ఆశ ఉందో లేదో ఇంతవరకూ అడగలేదు. 2027లో అడుగుతాం.

కొత్త రాష్ట్రానికి వచ్చేవాళ్లు ఎవరైనా సలహా అడిగితే ఒక్కటే చెప్తున్నాను. ఒక ఏడాది అద్దెకు ఉండండి. వాన చూడండి, ఏప్రిల్ చూడండి, నీళ్లెక్కడి నుంచి వస్తాయో చూడండి. ఆ ఏడాదిలో మీ పిల్లలు ఏ ఊరిని మనూరు అంటున్నారో వినండి. కొనాలో వద్దో ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

వచ్చిన మొదటి వానకే అత్తయ్య పక్కనున్న మట్టి నేలలో కరివేపాకు మొక్క నాటింది. "అద్దింట్లో చెట్టు పెడతారా ఎవరన్నా?" అని నేనంటే, "మనం పోతే ఇంకొకలు తెంపుకుంటరు" అంది. ఇప్పుడది గోడ ఎత్తు దాటింది. బాబాయి గారింట్లో పోపుకు కూడా అందులోంచే కోసుకెళ్తారు. ఈ నెల అద్దె ఐదొందలు పెంచారు. కరివేపాకు సంగతి గుర్తు చేద్దామా అనుకున్నాను. అత్తయ్య వద్దని కళ్లతోనే సైగ చేసింది.