బొటనవేలికి తెలిసే గుర్తు

అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి నేర్చుకున్న పనితో 1923లో తమిళనాడులోని శివకాశిలో అగ్గిపెట్టెల తయారీ మొదలైంది. పుల్ల ఎవరిదైనా పుల్లే, మందు ఎవరిదైనా మందే. ఒక కంపెనీని ఇంకో కంపెనీ నుంచి విడదీసే భారమంతా పెట్టె మీది బొమ్మపైనే పడింది. ఆ లేబుళ్ల అవసరమే శివకాశికి అచ్చుపనిలో పేరు తెచ్చింది. ఇలాంటి చోట బ్రాండంటే పైన అంటించేదేనని తోచడం సహజం. మడతచాకు దగ్గర మాత్రం ఆ లెక్క కుదరదు. జేబులో ఉండే వస్తువది, చాలాసార్లు చూడకుండానే తెరుస్తాం. అక్కడ గుర్తుపట్టేది కన్ను కాదు, వేలు. పనిచేసే భాగమే పేరుగా మారినప్పుడు గానీ చాకు కంపెనీకి నిలకడైన గుర్తింపు దక్కదని నా వాదన.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతపు ఒపినెల్ చాకునే చూడండి. 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన రూపం పెద్దగా మారలేదు: గుండ్రటి చెక్కపిడి, అందులో ఒక గాడి, గాడిలోకి మడిచే అలుగు. 1955లో పిడి మెడకు తిరిగే ఉక్కు పొన్ను చేరింది. పొన్నుకున్న చీలికను అలుగుకు ఎదురుగా తెస్తే చాకు మడతపడుతుంది, పక్కకు తిప్పితే బిగుసుకుంటుంది. తడికి చెక్క ఉబ్బి అలుగు ఇరుక్కుంటే పిడి కొసను బల్లమీద టక్కున కొట్టి బయటికి రప్పిస్తారు. ఆ దెబ్బకు సవోయ్ వాళ్ల పేరే పెట్టారు. లోపం కూడా గుర్తింపులో భాగమైపోయింది! అలుగు మీద కిరీటం పెట్టిన చెయ్యి ముద్ర 1909 నుంచీ ఉంది. అది అరిగిపోయినా ఆ పొన్ను తిప్పిన చెయ్యి చాకు ఎవరిదో చెప్పేస్తుంది.

అమెరికాలో స్పైడర్‌కో 1981లో తన మొదటి మడతచాకు అలుగుకే గుండ్రటి కన్నం వేసింది. బొటనవేలి కండ కన్నం అంచులో కాస్త దిగి పట్టు దొరుకుతుంది, ఒక్క చేత్తో అలుగు తెరుచుకుంటుంది. ఇక్కడ గట్టి ఆక్షేపణే ఉంది. పనికొచ్చే భాగాన్ని ఒక కంపెనీ ఎప్పటికీ తనదేననడం న్యాయమా? పేటెంటు గడువు తీరాక అది అందరిదీ కావాలి. 2001లో ట్రాఫ్‌ఫిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా, పనిచేసే భాగాన్ని ట్రేడ్‌మార్క్ పేరుతో అట్టిపెట్టుకోవడం కుదరదనే చెప్పింది. ఒప్పుకోవలసిన మాటే. కానీ తెరవడానికి కావలసింది కన్నం, అది గుండ్రంగానే ఉండాలని లేదు. కోల కన్నాలతో చాకులు చేసి అమ్మిన కంపెనీలున్నాయి. స్పైడర్‌కో తన ట్రేడ్‌మార్క్‌గా చెప్పుకునేది ఆ గుండ్రతనాన్ని. పనిని లోకానికి వదిలి, ఆకారాన్ని తన దగ్గర ఉంచుకోవడం సరైన పంపకమే.

మరి స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ మాటేమిటి, ఎర్ర పిడీ తెల్ల శిలువా ఏ పని చేస్తున్నాయని అడగవచ్చు. అదే ఎరుపు, శిలువ వెంగర్ కంపెనీ చాకులకూ ఉండేవి. 2005లో విక్టోరినాక్స్ ఆ కంపెనీని కొనేసింది. అంటే ఆ రంగులు దేశం పేరు చెప్పాయి గానీ తయారీదారుడి పేరు కాదు. ఫ్రాన్స్‌దే అయిన లాగ్యోల్ చాకు స్ప్రింగు మీది తేనెటీగ అంతకన్నా నిస్సహాయం. అందంగా ఉంటుంది, ఏ పనీ చేయదు. అందుకే ఎవరు పడితే వాళ్లు చెక్కుకున్నారు. ఆ పేరుతో చాకులు ఫ్రాన్స్ బయట కూడా తయారవుతున్నాయి.

మన ఉత్తరప్రదేశ్‌లోని రాంపుర్ ఊరి చాకు, రాంపురి కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పొడవాటి అలుగు, తెరిచేటప్పటి టకటక చప్పుడు దాని గుర్తులు. రెండూ పనిలోంచి పుట్టినవే, కానీ ఊరందరివీ. కొనేవాడు రాంపురి కావాలన్నాడు గానీ ఫలానా పనివాడి చాకు కావాలనలేదు. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు మించిన అలుగును నిషేధించాక పొడవు పోయింది, దానితోపాటే గిరాకీ. 2023లో ఆ ఊరి కూడలిలో ఆరు మీటర్లకు పైబడిన చాకును నిలబెట్టారు. దానికన్నా, తన దుకాణం చాకు ఇదని వేలికి తెలిసేలా పనివాడు చిన్న అలుగుకు కొత్త బిగింపు చేసుకోవడానికి సాయం అందితే బాగుండేది.