సంతకం నాయనది, ఇల్లు ఇద్దరిది

షోలాపూర్ తూర్పు పేటల్లో, మన పద్మశాలి ఇళ్ల నడుమ మా ఆఫీసు. కింద ఆఫీసు, పైన ఇల్లు. తాత టవళ్ల కార్ఖానాల్లో గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాసినవాడు. ఇక్కడి మరాఠీ వాళ్లు వాటినే కీర్ద్, ఖతావణి అంటారు. నాయన, చిన్నాయన ఇద్దరూ చదివి ఆడిటర్లయి, కలిసి భాగస్వామ్యంలో బోర్డు పెట్టారు. వచ్చే పార్టీల్లో సగం మంది చుట్టాలే. ఫీజుల కన్నా పెళ్లి పత్రికలే ముందు వచ్చేవి.

2010లో ఒక సాయంత్రం మామ వచ్చాడు. నాయనకు వరసకు బావ. పదహారు సాంచాల కార్ఖానా. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లిమిటు రెన్యువల్‌కు సరుకు ఎంత ఉందో ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి. "బావా, రేపు పొద్దుగాల ఇయ్యాలె. గోదాముకొచ్చి ఏం జూస్తవ్, రిజిస్టర్ల అన్నీ ఉన్నయ్" అన్నాడు. నాయన రిజిస్టరు తిరగేసి, 62 లక్షల సరుకు తనిఖీ చేశామని రాసి సంతకం పెట్టాడు. మామ లేచేలోపు అమ్మ చాయ్ తెచ్చింది. అంతే జరిగింది ఆ రోజు.

మన వాళ్లలో చాలామందికి ఆ కాగితం విలువ తెలియదు, అందుకే కొంచెం చెప్పాలి. సరుకు విలువలో మార్జిన్ తీసేసి, మిగిలినంత వరకే బ్యాంకు డబ్బు వాడుకోనిస్తుంది. నూటికి ఇరవై ఐదు మార్జిన్ అనుకుంటే 62 లక్షలకు 46 లక్షల 50 వేలు. అంటే బ్యాంకు డబ్బిచ్చింది టవళ్లను చూసి కాదు, నాయన సంతకాన్ని చూసి. ఏడాదిన్నర తర్వాత కంతులు ఆగిపోతే బ్యాంకు వాళ్లు గోదాము తెరిచారు. రిజిస్టరులో ఉన్న దాంట్లో మూడో వంతు కూడా లేదు.

మామకు వచ్చిన నోటీసు మాకూ వచ్చింది. దాని వెనకే ఇన్‌స్టిట్యూట్‌కు ఫిర్యాదు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 రెండో షెడ్యూలులో తగిన శ్రద్ధ చూపకపోవడం, పనిలో ఘోరమైన నిర్లక్ష్యం కూడా వృత్తిపరమైన దుష్ప్రవర్తనే. అప్పట్లో శిక్ష మందలింపు కావచ్చు, ఐదు లక్షల దాకా జరిమానా కావచ్చు, రిజిస్టరులోంచి పేరే తీసేయవచ్చు. నాయన పైసా తినలేదు. కానీ వాళ్లు అడిగింది అది కాదు. "గోదాముకు వెళ్లారా?" అని అడిగారు.

ఈ కబురు చిన్నాయనకు చెప్పిన రాత్రి మాకు బాగా గుర్తు. ఆయన ఆ కాగితాన్ని కళ్లతో కూడా చూడలేదు. అయినా మామూలు భాగస్వామ్యంలో ఒకరు చేసిన తప్పుకు మిగతావాళ్ల ఆస్తీ పూచీయే. బ్యాంకు నష్టపరిహారం దావా వేస్తే చిన్నాయన ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. పిన్ని ఏమీ అనలేదు. రెండు నెలలు పైకి రాలేదు, అంతే.

అంతకు ముందే, 2009 జనవరిలో, హైదరాబాదులో సత్యం బయటపడింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని రామలింగరాజు తానే రాశాడు. ఆ కంపెనీ ఆడిటర్లు ఇద్దరిని అరెస్టు చేశారు. బ్యాంకులనుంచి ఆడిటర్లకు నేరుగా రావలసిన ధ్రువీకరణలు కంపెనీ చేతుల మీదుగా వచ్చాయని తర్వాత అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. పేపర్లో అది చదివి "పెద్దోళ్ల పెద్ద తప్పులు" అన్నాడు నాయన. మామ రిజిస్టరు మామ చేతుల మీదుగానే వచ్చిందని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

నాలుగేళ్లు ముంబయి తిరిగాక మందలింపుతో సరిపోయింది. మామ ఇల్లు అమ్మి బ్యాంకుతో రాజీ చేసుకున్నాడు, దావా దాకా పోలేదు. నాయన మళ్లీ ఏ సర్టిఫికెట్‌పైనా సంతకం పెట్టలేదు.

ఇప్పుడు మా ఫర్మ్ ఎల్‌ఎల్‌పీ. ఒకరి తప్పుకు ఇంకొకరి ఇల్లు పోదు. తప్పు చేసినవాడిది మాత్రం పోతుంది, అది ఏ చట్టమూ ఆపదు. ఇండెమ్నిటీ పాలసీ కూడా తీసుకున్నాం. పని చేసిన నాడు పాలసీ ఉంటే చాలదు, దావా వచ్చిన నాడు కూడా నడుస్తూ ఉండాలి. ఇది తెలియక రిటైరవగానే ప్రీమియం మానేసే పెద్దవాళ్లున్నారు. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి సర్టిఫికెట్‌కు యూడీఐఎన్ నంబరు తప్పనిసరి కాబట్టి, మా పేరుతో ఎవరైనా దొంగ కాగితం పుట్టించినా బ్యాంకు వెబ్‌సైటులో చూసుకోగలదు. గోదాములో ఏముందో మాత్రం ఆ నంబరు చెప్పదు.

పోయిన నెల చిన్నమ్మ కొడుకు అదే పని మీద వచ్చాడు. గోదాముకు వస్తాం అన్నాం. "అన్నా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. వెళ్లి లెక్కపెట్టాం. రిజిస్టరులో 430 నూలు బేళ్లు, గోదాములో 412. తక్కిన పద్దెనిమిది రంగుల కార్ఖానాలో ఉన్నాయన్నాడు. అక్కడి నుంచే చీటీ నేరుగా మాకు పంపించమన్నాం. చాయ్ తాగకుండానే పోయాడు.

రెండు రోజులకు చీటీ వచ్చింది. అందులో పదహారు బేళ్లే ఉన్నాయి.