ప్రియదర్శిని పెట్టె

మొన్న ఆదివారం మా ఆరేళ్ళ అమ్మాయికి ‘మాయాబజార్’ చూపించాను. చూపించాను అనడం కంటే, బేరమాడి కూర్చోబెట్టాను అనడం నిజం. టైటిల్స్ పడుతుండగానే “టీవీ పాడైందా నాన్నా, రంగులు రావట్లేదు?” అంది. 2010లో వచ్చిన రంగుల ప్రింట్ పెట్టి ఉంటే గొడవ వదిలేది. ఎందుకో మొండికేశాను. ఘటోత్కచుడు లడ్లు తినే సీను దాకా చూడు, అప్పటికీ నచ్చకపోతే ఆపేద్దాం అని ఒప్పందం.

లడ్ల దాకా వెళ్ళే అవసరం రాలేదు. ప్రియదర్శిని పెట్టె దగ్గరే పడిపోయింది.

చూసి చాలా ఏళ్ళయినవాళ్ళకి గుర్తు చేస్తాను. కృష్ణుడు ఇచ్చిన పెట్టె అది. మూత తెరిచి చూస్తే, చూసేవాళ్ళకి ఏది ప్రియమో అదే అందులో కనిపిస్తుంది. చిన్నారి శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు. రేవతీదేవికి నగలూ, రత్నాలూ. 

“అది లాప్‌టాప్ కదా!” అంది మా పిల్ల.

ఈ మాట కొత్తదేం కాదు. 1957లోనే కె.వి. రెడ్డి వీడియో కాల్ కనిపెట్టాడని కాలేజీ రోజుల్లో నేనూ జోకులేసినవాడినే. ఇప్పటికీ ఏడాదికోసారి ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో ఆ ఫార్వర్డ్ వస్తూనే ఉంటుంది. కానీ ఈసారి పక్కన పిల్లని కూర్చోబెట్టుకుని చూస్తుంటే, మనం పోలిక తప్పు చెప్పుకుంటున్నామేమో అనిపించింది. వీడియో కాల్‌లో ఎవర్ని చూడాలో మనం ఎంచుకుంటాం. ఈ పెట్టె మనల్ని ఏమీ అడగదు. వెతకడానికి చోటు లేదు, నొక్కడానికి మీట లేదు. తెరిచినవాణ్ణి బట్టి తనే తేల్చుకుని చూపిస్తుంది. దాన్ని మా వృత్తిలో రికమెండేషన్ ఇంజిన్ అంటారు. అలాంటిదొకటి నడిపే టీములోనే నాకు ఉద్యోగం. షాపింగ్ యాప్ తెరవగానే మీకు కనిపించే చెప్పులూ, ప్రెషర్ కుక్కర్లూ ఎవరు ఎంచారంటే, అందులో నా చెయ్యి కూడా కాస్త ఉంది.

పెట్టె సీనులో అసలు విశేషం ఆఖర్న వస్తుంది. కృష్ణుడు తొంగిచూస్తే అందులో శకుని కనిపిస్తాడు. 

చిన్నప్పుడు ఇది ఉత్త హాస్యం అనుకున్నాను. కాస్త పెద్దయ్యాక, జరగబోయే కథకి శకునే ఇరుసు కాబట్టి అలా రాశారు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే మాత్రం నాకు ఆ పెట్టెలో ఉన్న లోపం కనిపించింది. దానికి ప్రేమకీ, ధ్యాసకీ తేడా తెలీదు. కృష్ణుడికి శకుని అంటే ప్రేమని అనుకోలేం. కానీ ఆ సమయంలో ఆయన బుర్రలో తిరుగుతున్నది శకునే. పెట్టె దాన్నే పట్టుకుంది.

మేం కట్టే పెట్టెలదీ అదే తంతు. 2012లో యూట్యూబ్ తన రికమెండేషన్లలో ఎన్నిసార్లు క్లిక్ చేశారన్న దానికంటే ఎంతసేపు చూశారన్న దానికి ఎక్కువ బరువు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆలోచిస్తే సబబే. థంబ్‌నెయిల్ చూసి మోసపోయి ఎవరైనా క్లిక్ చేస్తారు, నచ్చకపోతే అర నిమిషంలో బయటికొచ్చేస్తారు. కాబట్టి చూసిన సమయం అబద్ధం చెప్పదు. ఇంజినీరుగా ఇప్పటికీ నాకు ఆ వాదన కరెక్టే అనిపిస్తుంది. కాకపోతే, నచ్చి చూసిన పది నిమిషాలూ, ఒళ్ళు మండి చూసిన పది నిమిషాలూ లెక్కలో పది నిమిషాలే. 

నాకు అస్సలు పడని సినిమా రివ్యూయర్ ఒకాయన ఉన్నాడు. పేరు అనవసరం. ఆయన ప్రతి వీడియో ఆసాంతం చూస్తాను, మనసులో వాదించుకుంటూ. ఫోన్ తెరవగానే ముందు ఆయన మొహమే ప్రత్యక్షం అవుతుంది. నా శకుని ఆయన. మా అమ్మాయి ఫోన్ తీసుకుంటే రంగు గుడ్లు పగలగొట్టి లోపలి బొమ్మలు తీసే వీడియోలు వరస కడతాయి. అవి దానికి ఇష్టమని చాలాకాలం అనుకున్నాను. రెండేళ్ళప్పుడు, అన్నం ముద్ద నోట్లోకి వెళ్తే చాలని, ఆ వీడియోలు మొదట దాని ముందు పెట్టింది నేనే. ఇష్టం ఎక్కడ మొదలైందో, అలవాటు ఎక్కడ మొదలైందో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

సినిమా నడుస్తోంది. శశిరేఖ పెద్దదై సావిత్రి అయింది. అభిమన్యుడు నాగేశ్వరరావు అయ్యాడు. ఎక్కడో దూరాన ఉన్న అతణ్ణి ఆమె పెట్టెలో చూసుకుంటూ పాడుతుంది, అతనూ పాడతాడు. ఆ పాట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వాళ్ళిద్దరూ పాట జరిగినంతసేపూ ఇంకో పని చెయ్యరన్న సంగతి మాత్రం ఈసారే గమనించాను. చూస్తారు, అంతే.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. పిల్ల కాసేపు మాట్లాడి పారిపోయాక ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, అమ్మకి ఊఁ కొడుతూ లాప్‌టాప్‌లో మెయిల్స్ చూసుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. అమ్మకి తెలీదనే అనుకునేవాణ్ణి. అవతల ఆమెకి కనిపించేది నా చెంపా, ఒక చెవీ అన్న విషయం సావిత్రి పెట్టె వైపు చూస్తున్న ఆ చూపు చూసేదాకా నాకు తట్టలేదు. “పనిలో ఉన్నట్టున్నావు, ఉంటాన్రా” అని అమ్మ రోజూ పెట్టేసే ఆ మాట నిన్నటిదాకా నాకు మామూలు మాటలాగే వినిపించింది.

సినిమా ఒక్కరోజులో అవలేదు. మూడు గంటల సినిమా, మధ్యలో నిద్ర, సోమవారం బడి. మంగళవారం రాత్రికి ముగింపుకొచ్చాం. సాత్యకి ఉపాయంగా శకునిని సత్యపీఠం ఎక్కిస్తాడు. దాని మీద నిలబడ్డవాడు నిజమే కక్కుతాడు. ఎత్తులన్నీ శకుని తన నోటితోనే బయటపెడుతుంటే మా అమ్మాయి సోఫా మీద గెంతింది.

పడుకోబోయేముందు అడిగింది. “నాన్నా, ప్రియదర్శినిలో నువ్వు చూస్తే ఏం కనిపిస్తుంది?”

“నువ్వే.”

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. బాత్రూములోకి పరిగెత్తి, పళ్ళు తోముకునేటప్పుడు తను ఎక్కే నీలం ప్లాస్టిక్ పీట ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో వేసింది.

“ఎక్కి చెప్పు.”

ఎక్కాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ గిన్నె తుడుస్తూ ఆగిపోయింది. పీట మీద నా పాదాలు సగమే పట్టాయి. శకునిలా చేతులు తిప్పుతూ ఏదో ఒకటి నటించేసి నవ్వించొచ్చు. చెయ్యలేకపోయాను.

“కొన్నిసార్లు ఆఫీసు కనిపిస్తుంది. కొన్నిసార్లు ఫోన్‌లో ఆ రివ్యూ అంకుల్.”

“నాకు తెలుసు,” అంది. కోపం లేదు, దిగులు లేదు. రేపు బుధవారం అన్నంత మామూలుగా అంది. “దిగు. ఇప్పుడు నా టర్న్.”

పీట ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. నేను ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూశాను.

“లడ్లు,” అంది.