ఒక మాట - మూడు దారులు

ఆంగ్లంలోని 'టైమ్' అనే మాటను స్పానిష్‌లోనికి మార్చబూనిన అనువాదకునికి మూడు దారులు ఎదురవుతాయి. గడచిపోయే కాలమైతే 'తియెంపో', గడియారం చూపే వేళ అయితే 'ఓరా', ఎన్నిమార్లో లెక్కించేటప్పుడు 'బెస్'. కాలం, వేళ, మారు అని వేరుచేసి పలికే తెలుగువారికి ఈ విభజన కొత్త కాదు.

ఒకే మాటలో రెండర్థాలు నిలిపి, 'రాఘవపాండవీయం'లో రామాయణ భారత కథలను ఒకేసారి నడిపాడు పింగళి సూరన. కావ్యంలో మెచ్చదగిన ఆ ద్వ్యర్థత మందుసీసాపై ప్రాణాంతకం కాగలదు. ఒకసారి అనే అర్థంలో ఆంగ్లేయులు వ్రాసే 'వన్స్' అన్న అక్షరాలనే స్పానిష్‌వారు 'ఓన్సే' అని చదువుతారు. దాని అర్థం పదకొండు! ఆ మాటను అనువదించక విడిచిపెడితే, రోజుకొక మాత్ర వేసుకోవలసిన రోగి పదకొండు మ్రింగవచ్చు. అక్కడ 'ఉనా బెస్', అనగా ఒక మారు, అని స్పష్టంగా వ్రాసినప్పుడే మందు మందవుతుంది.