పుట్టింటి దారిలో పొట్ట కింద బెల్టు

మాఘ, ఫాల్గుణ మాసాల్లో పిడుగురాళ్ళ దాటి అద్దంకి వైపు వెళుతుంటే దారికి అటూ ఇటూ కల్లాల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టు మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. కారు అద్దం దించామా, ఆ ఘాటుకి ఒకటే తుమ్ములు! ఇంకాస్త ముందుకెళితే ఆఖరు తీతకి మిగిలిన పత్తి చేలు, ఎండిన మొక్కల మీద అక్కడక్కడా తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. కింద నల్లరేగడి, పైన ఎరుపూ తెలుపూ. 2022 ఏప్రిల్‌లో గుంటూరు, ప్రకాశం జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అనే కొత్త పేర్లు వచ్చాయి గానీ, ఈ నేల మీద పుట్టి పెరిగిన ఆడపిల్లలకి మాత్రం అదంతా ఒకటే: పుట్టింటి దారి!

ఇప్పుడు ఆ పిల్లల్లో చాలామంది హైదరాబాదులో ఉంటున్నారు. అక్కడినుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని, నార్కెట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగితే నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతాం. దాచేపల్లి, పిడుగురాళ్ళ, సంతమాగులూరు, అద్దంకి... అక్కడినుంచి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవే ఎక్కి గుండ్లకమ్మ దాటితే ఒంగోలు. ఆగుతూ ఆగుతూ వెళితే ఆరేడు గంటలు. గుంటూరునుంచి వచ్చేవాళ్ళకి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా అంతకంటే చాలా దగ్గర.

ఈ దారిలో ఏడాది పొడుగునా సాగే ప్రయాణం ఒకటుంది. బేసి నెల చూసి పుట్టింటివాళ్ళు చలిమిడి చేసుకుని వస్తారు. తడిబియ్యప్పిండి, బెల్లం పాకం, కొబ్బరి ముక్కలు, గసగసాలు, పైన ఇంత నెయ్యి. కూతురి కడుపు చల్లగా ఉండాలని ఒడి నింపుతారు. గాజులు తొడుగుతారు, శ్రీమంతం చేస్తారు. మంచిరోజు చూసుకుని కాన్పుకి తీసుకెళతారు. వర్జ్యం చూస్తారు, రాహుకాలం చూస్తారు, ఎదురెవరొస్తున్నారో కూడా చూస్తారు. కానీ కారులో పిల్లని ఎలా కూర్చోబెట్టాలో మాత్రం ఎవరూ పెద్దగా చూడరు!

సాధారణంగా ఏం జరుగుతుందో మీకూ తెలుసు. "ముందు సీటొద్దమ్మా, కుదుపులు" అని వెనక సీట్లో మధ్యన కూర్చోబెడతారు. అటు అమ్మ, ఇటు అత్తయ్య. నడుం వెనక దిండు, ఒళ్ళో చలిమిడి కారియరు. బెల్టు సంగతి ఎవరైనా ఎత్తితే, "అయ్యో, కడుపుతో ఉన్నపిల్ల, బిడ్డకి ఒత్తుకోదూ!" అని అందరూ ఒక్కసారే అంటారు. ప్రేమతోనే అంటారు. అయితే ఆ ప్రేమ పిల్లని కారు మొత్తంలో అన్నిటికంటే తక్కువ రక్షణ ఉన్నచోట కూర్చోబెడుతోంది. చాలా పాత కార్లలో వెనక మధ్య సీటుకి నడుం దగ్గర ఒక్క పట్టీ తప్ప భుజం మీదుగా వచ్చే బెల్టే ఉండదు.

ఈ నార్కెట్‌పల్లి-అద్దంకి రోడ్డుని తెలుగువాళ్ళు అంత తేలిగ్గా మరిచిపోలేరు. 2018 ఆగస్టు 29న తెల్లవారుజామున నందమూరి హరికృష్ణగారు హైదరాబాదునుంచి నెల్లూరు జిల్లాలో ఒక పెళ్ళికి బయల్దేరి, నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద ఇదే రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదనీ, కారులోంచి బయటికి పడిపోయారనీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఏళ్ళ తరబడి కారు నడిపిన మనిషాయన. ఇక వెనక సీటు భద్రమనుకునేవాళ్ళకి 2022 సెప్టెంబరు 4న ముంబయి దగ్గర పాల్ఘర్‌లో జరిగిన ప్రమాదం ఉండనే ఉంది. టాటా సంస్థకి ఛైర్మన్‌గా చేసిన సైరస్ మిస్త్రీ, ఆయనతోపాటు వెనక కూర్చున్న మరొకరు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరికీ బెల్టు లేదు. బెల్టులు పెట్టుకుని ముందు సీట్లలో కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. ఆ కారు నడిపింది ఒక లేడీ డాక్టరు.

మన రోడ్ల సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిచ్చి కుంగుతుంది. అందుకే ఊళ్ళలోకి వెళ్ళే రోడ్లు ఎంత తారు పోసినా అలల్లా లేస్తూ పడుతూ ఉంటాయి. కోతల రోజుల్లో మిర్చి టిక్కీలు నింపుకుని గుంటూరు యార్డుకి పోయే లారీలు, పత్తి మూటలు రెండు పక్కలా పొంగిపోయేలా ఎత్తుకున్న ట్రాక్టర్లు ఎదురవుతాయి. చాలావాటికి వెనక ఎర్రదీపం కూడా ఉండదు. చీకటిపడ్డాక కారు వాటి దగ్గరికి వచ్చేదాకా కంటికి ఆనవు. రోడ్డు వారన మిరపకాయలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చిన చోట్లూ ఉంటాయి. ఇలాంటి దారిలో ఉన్నట్టుండి బ్రేకు వెయ్యాల్సి రావడం వింతేమీ కాదు.

పొద్దున్నే మిరప కోతకి వెళ్ళే ఆడకూలీలు ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని కనిపిస్తారు. వాళ్ళలోనూ నెలలు నిండుతున్నవాళ్ళు ఉంటారు. మనం బెల్టు ఎలా పెట్టుకోవాలా అని మాట్లాడుకుంటున్నాం, వాళ్ళకి సరిగా కూర్చోవడానికి సీటే లేదు. మీ చేలో కూలీలకి బండి మాట్లాడేది మీ ఇంట్లోవాళ్ళే అయితే, ఆటోకి ఎంతమందిని ఎక్కించాలో చెప్పగలిగేదీ మీరే!

సరే, బెల్టు కడుపులో బిడ్డని నొక్కుతుందా? పెట్టాల్సిన చోట పెడితే నొక్కదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేన్నైనా గుద్దుకుని ఠక్కున ఆగిందంటే, అందులో బెల్టు లేని మనిషి సుమారు 14 మీటర్ల ఎత్తునుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీదనుంచి పడినంత వేగంతో ముందున్నదానికి వెళ్ళి కొట్టుకుంటుంది. పక్కనున్న అమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపగలిగే బలం కాదది. మొదటి మూడు నెలలూ గర్భసంచి తుంటి ఎముకల గూట్లోనే ఉంటుంది. ఆ తర్వాత పైకొస్తుంది, అయిదో నెలకి దాదాపు బొడ్డు దాకా చేరుతుంది. అప్పటినుంచి దెబ్బ నేరుగా దానికే తగలొచ్చు. గర్భసంచి గోడ సాగుతుంది, లోపల అంటుకుని ఉన్న మాయ అంతగా సాగదు. గట్టి కుదుపుకి ఆ మాయ గోడనుంచి ఊడిందంటే బిడ్డకి అందే రక్తం, ఆక్సిజన్ తగ్గిపోతాయి. పైకి తల్లికి చిన్న గీత కూడా పడకపోవచ్చు! అందుకే డాక్టర్లు మొదటి నెలనుంచి చివరి రోజు దాకా బెల్టు పెట్టుకోమనే చెబుతారు. తల్లిని కాపాడితేనే బిడ్డ దక్కుతుంది.

పెట్టుకునే పద్ధతి మాత్రం చేత్తో చేసి చూసి నేర్చుకోవాలి. భుజం మీదుగా వచ్చే బెల్టు ఉన్న సీటే ఎంచుకోండి. వెనక సీటైతే కిటికీ పక్కన. వీపుని సీటుకి బాగా ఆనించి, నిటారుగా కూర్చోండి. బెల్టు బిగించాక, నడుం మీదుగా వచ్చే పట్టీని రెండు చేతులతో కిందికి లాగి పొట్ట కిందుగా, తొడలు మొదలయ్యేచోట, తుంటి ఎముకల మీదికి చేర్చండి. పొట్ట మీదుగా, బొడ్డు మీదుగా ఎప్పుడూ ఉండకూడదు. తర్వాత పై పట్టీని పైకి లాగి వదులు తీసెయ్యండి. అది మెడకీ భుజానికీ మధ్యనుంచి దిగి, రొమ్ముల మధ్యగా వచ్చి, పొట్ట పక్కనుంచి పోవాలి. మెడకి ఒరుసుకుంటోందని కొందరు ఆ పట్టీని చంక కిందినుంచి తీసుకుంటారు, ఇంకొందరు వీపు వెనక్కి తోసేస్తారు. రెండూ ప్రమాదమే. బెల్టుకీ పొట్టకీ మధ్య మెత్తగా ఉంటుందని తువ్వాలు, దిండు పెట్టకండి. అవి బెల్టుని అసలు చోటునుంచి జరిపేస్తాయి. దారిలో గంటకోసారి చేత్తో తడిమి చూసుకోవాలి. కుదుపులకి అది మెల్లగా పైకి పాకుతుంది.

ఇక మన చీరలు! కుచ్చిళ్ళన్నీ పొట్ట దగ్గర గుత్తిగా ఉంటే పట్టీ కిందికి దిగదు, పైకి జారుతుంది. ప్రయాణానికి చుడీదారో, వదులు నూలు గౌనో హాయి. చీరే కట్టాలంటే కుచ్చిళ్ళని చదును చేసి, పట్టీని వాటి కిందిభాగం మీదుగా తొడల దగ్గరికి తెచ్చుకోండి. శ్రీమంతం ముగించుకుని ఆ అలంకారంతోనే కారెక్కించే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఫొటోలకి బావుంటుంది, ప్రయాణానికి కాదు. వడ్డాణం బెల్టు కింద ఉంటే అంత బంగారమూ ఒంట్లోకి గుచ్చుకుంటుంది. కాసులపేరు, హారాలు కూడా అంతే. లావుపాటి పూలజడ ఉంటే తల సీటుకి ఆనక ముందుకి వాలి ఉంటుంది. అన్నీ తీసి డబ్బాలో పెట్టి, చలిమిడి కారియరుతో సహా డిక్కీలో సర్దండి. స్టీలు కారియరు ఒళ్ళో ఉంటే, బ్రేకు వేసినప్పుడు అది ముందు తగిలేది పొట్టకే.

సీటుని వెనక్కి వాల్చి పడుకోబెట్టడమూ మంచిది కాదు, బెల్టు ఒంటికి అంటదు. వెనక సీటంతా పరుపులా సర్ది పడుకోబెట్టడమైతే మరీ ఘోరం.

మన అమ్మాయిలు ఇప్పుడు తామే కారు నడుపుతున్నారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగినులు ఏడో నెల దాకా రోజూ ఒంగోలుకో, గుంటూరుకో నడుపుకుంటూ వెళ్ళొస్తున్నారు. వాళ్ళు చూసుకోవాల్సింది స్టీరింగుకీ ఛాతీ ఎముకకీ మధ్య దూరం. పది అంగుళాలుండాలి. మన లెక్కలో ఒక జానా, ఆపైన ఒకట్రెండు వేళ్ళు. పొట్ట పెరిగేకొద్దీ సీటుని వెనక్కి జరుపుకుంటూ, స్టీరింగు పొట్టవైపు కాకుండా ఛాతీవైపు ఉండేలా ఎత్తుకోవాలి. అంత దూరం జరిగితే పెడళ్ళు అందడంలేదంటే, ఇక తాళాలు ఇంకొకరి చేతికిచ్చే రోజు వచ్చిందన్నమాట. ఎయిర్‌బ్యాగుని చూసి భయపడి ఆపెయ్యనక్కర్లేదు. అది బెల్టుతో కలిసి పనిచేసేలా చేసింది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగు ఒక్కటే ఉంటేనే దెబ్బ తగిలేది.

కారు కొన్న వారానికే సీట్లకి కొత్త కవర్లు కుట్టించి, వెనక బెల్టుల బకిల్స్ వాటి కింద పూడ్చేసిన ఇళ్ళెన్నో! బయల్దేరేముందు రోజు సాయంత్రమే అవి బయటికి తీయించండి. బెల్టు పెట్టుకోకపోయినా కారు గోల చెయ్యకుండా గుచ్చే క్లిప్పులు కూడా బజారులో దొరికేవి. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అవి అమ్మొద్దని అయిదు ఆన్‌లైన్ కంపెనీలని ఆదేశించింది. మీ కారులో ఒకటుంటే తీసి పారెయ్యండి. వెనక కూర్చున్నవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని నిబంధన ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా.

ప్రయాణం పగటిపూటే పెట్టుకోండి. రెండు గంటలకోసారైనా ఆగి నాలుగడుగులు నడవాలి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. మిర్యాలగూడలో ఒకసారి, పిడుగురాళ్ళలో ఒకసారి ఆగి, అద్దంకి చేరాక ఓపికుంటే శింగరకొండ ప్రసన్నాంజనేయస్వామికి దణ్ణం పెట్టుకోవచ్చు. నీళ్ళు తాగడం మానకండి. బాత్రూముకి ఆగాలని మొహమాటపడి నీళ్ళు మానేసే పిచ్చిపని మనలో చాలామంది చేస్తారు.

కారుకి చిన్న దెబ్బ తగిలి, అందరూ "గండం గడిచింది" అనుకుని ఇంటికి వెళ్ళిపోతారు చూడండి, అసలు భయం అక్కడుంది. మాయ విడిపోయిన లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. గాయం కనిపించకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, కారు గుద్దుకుందని చెప్పండి. నెలలు ముదిరినవాళ్ళని డాక్టర్లు సాధారణంగా కనీసం 4 గంటలు ఉంచి బిడ్డ గుండె చప్పుడు గమనిస్తారు. రక్తం కనిపించినా, నీరు పోయినా, పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం ఆగకండి. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ఆ సంగతి మరిచిపోకుండా చెప్పాలి, 72 గంటల్లోపు ఇవ్వాల్సిన యాంటీ-డి ఇంజెక్షన్ ఒకటుంటుంది. 108 ఈ రాష్ట్రంలో 2005 ఆగస్టు 15నుంచి ఉన్నదే. అంబులెన్సు వచ్చేలోగా, మెడకీ వెన్నుకీ దెబ్బ లేదనుకుంటే, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి.

కాన్పయ్యాక మూడో నెలలోనో అయిదో నెలలోనో ఇదే దారిలో తిరుగు ప్రయాణం. సిజేరియన్ అయినా బెల్టు తప్పదు, పట్టీ అదేచోట తుంటి మీదే ఉండాలి. బిడ్డని మాత్రం అమ్మమ్మ ఒళ్ళో పెట్టుకుని బెల్టు ఇద్దరికీ కలిపి చుట్టకండి, ఆవిడ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. పసిపిల్లల కోసం వెనక సీటుకి బిగించే చిన్న సీట్లు వస్తున్నాయి, బిడ్డ మొహం కారు వెనకవైపుకి ఉండేలా. గాజులు తొడిగే రోజున బంధువులు ఏం పెట్టమంటావని అడుగుతారు కదా, వెండి గ్లాసు బదులు అదడగొచ్చు. బిగించడం కాస్త చిక్కే, ఆ పని అల్లుడిగారికి అప్పజెప్పి, నెలలు నిండకముందే రెండుమూడు సార్లు చేయించి చూడండి.