మన్ను చెప్పు సాక్ష్యము

వేసవిలో నల్లరేగడి చేను నెఱ్ఱెలు విచ్చుటయు, తొలకరి వానకు ఉబ్బి ఆ నెఱ్ఱెలు మూసికొనుటయు మనమెల్లరము ఎఱిగినదే. అందుకు ముఖ్యకారణము స్మెక్టైటు అను బంకమట్టి ఖనిజము. దాని సన్నని పొరల నడుమ నీరు చొచ్చినపుడు మన్ను ఉబ్బును, ఆరినపుడు కుంచించుకొనును.

ఈ ఖనిజమే పూర్వకాలపు అగ్నిపర్వతముల జాడనుగూడ తెలుపునని చదివి మేము మిక్కిలి ఆశ్చర్యపడితిమి. పర్వతము ప్రేలినపుడు ఎగయు బూడిదలో చాలభాగము సూక్ష్మమైన గాజుతునుకలు. అవి సముద్రగర్భమున పేరుకొని, ఉప్పునీటి సంపర్కముచే క్రమముగా స్మెక్టైటుగా మాఱును. అట్టి మన్నును బెంటొనైటు అందురు. స్వీడనుదేశమున కిన్నెకుల్లె అను కొండయందు, సున్నపురాళ్ల నడుమ, ఇట్లు పుట్టిన పొర యొకటి కలదు. దాని వయస్సు సుమారు 45 కోట్ల సంవత్సరములు. బూడిదను చిమ్మిన పర్వతము నేడు కానరాదు. మన్ను మాత్రము నిలిచినది.

“అట్లయిన మన రేగడియు బూడిదయేనా?” అని మాలో నొకడు ప్రశ్నించెను. కాదు. దక్కను పీఠభూమి రేగడిలో చాలభాగము లావా గడ్డకట్టిన బసాల్టు శిల శిథిలమగుటచే కలిగినది. కావున స్మెక్టైటు కనబడినంతమాత్రమున బూడిద పడెనని తీర్పు చెప్పరాదు; తోడి సాక్షులను విచారింపవలెను. పొర అంచులు స్పష్టముగా నున్నవా? అది బహుదూరము వ్యాపించినదా? అందలి జిర్కాను, నల్లఅభ్రకముల స్ఫటికములు వాడి చెడక యున్నవా? ఏటిలో దొర్లివచ్చిన రేణువుల మూలలు అరిగిపోవును. ఆకసమునుండి రాలినవాని మూలలు అట్లు అరుగవు. జిర్కానులోని యురేనియము ఎంత సీసముగా మాఱెనో కొలిచి పొర వయస్సును గణింతురు.

మన సీమయందును బూడిదపొర కలదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలోని టోబా పర్వతము చిమ్మిన బూడిద, నంద్యాల జిల్లా బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురమున నేటికిని గాజుగానే యున్నది. కిన్నెకుల్లె మన్నుతో పోల్చిన ఇది నిన్నటి మాట. ఈ పొరకు క్రిందను మీదను పూర్వమానవుల రాతిపనిముట్లు దొరకినవని 2007వ సంవత్సరమున పరిశోధకులు ప్రకటించిరి. అట్టి బూడిదను వ్యాపారమునకై త్రవ్వుటయు జరిగినది. ఒకమారు త్రవ్విన పొర మరల పేరుకొనదు. సాక్షి పోయిన పిమ్మట విచారణ లేదు. పార పట్టుటకు ముందే పొరను పరిశీలించి వ్రాసికొనుట మనందఱి విధి యని చదువరులకు మా మనవి.