జూరాల మొసలి, దాని సముద్రపు దాయాదులు

కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకు మొసలి కొత్తేం కాదు. వరి మళ్లలోకి మొసలి వచ్చిందన్న కబురు గద్వాల, వనపర్తి వైపు నుంచి వింటూనే ఉంటాం. మొన్న చలికాలంలో జూరాల డ్యాం కింద, నీళ్లు తగ్గి బండలు తేలినచోట, ఒకదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిచి ఎండకు పడుకుంది. అది కోపం కాదండీ, ఒంటి వేడి సర్దుకోవడానికి అలా తెరుస్తుంది. వీపు మీద వరసలుగా బిళ్లలు. పైకి తోలులా కనిపిస్తాయి గానీ ఒక్కో బిళ్ల కింద నిజమైన ఎముక ఉంటుంది. కాళ్లు పొట్టివే అయినా ఆ బరువును నేల మీద మోస్తాయి. ముక్కు రంధ్రాలు సరిగ్గా మూతి కొసన ఉంటాయి.

మొసలి బలమంతా నీళ్లలోనే అని వేమన మనకు చిన్నప్పుడే చెప్పాడు. ఆ బలాన్నే నమ్ముకుని నేలను పూర్తిగా వదిలేసిన చుట్టాలు దీనికి ఒకప్పుడు ఉండేవి. వాటి పేరు మెట్రియోరింకిడ్‌లు. 16 కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో తిరిగాయి. వీపు మీది ఎముక బిళ్లలు ఒక్కటీ మిగల్లేదు. బరువు తగ్గింది, ఒళ్లు చేపలా వంగడానికి వీలైంది. కాళ్లు తెడ్లయ్యాయి, ముందువి మరీ చిన్నవి. తోక సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. సొరచేప వెన్నెముక తోక పై రెక్కలోకి పోతుంది కదా, వీటిలో చివరి పూసలు కిందికి వంగి కింది రెక్కను మోసేవి, పై రెక్క ఉత్త కండే. తాగిన ఉప్పును బయటికి పంపే గ్రంథులు కళ్ల ముందు భాగంలో ఉండేవని అర్జెంటీనాలో దొరికిన పుర్రెలు చెప్పాయి. కటి ఎముకల మధ్య దారి వెడల్పుగా ఉండడం చూసి, గుడ్లకోసం ఒడ్డెక్కకుండా నీళ్లలోనే పిల్లల్ని కని ఉంటాయని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం.

వీటికి టెలియోసారాయిడ్‌లని దాయాదులు ఉండేవి. అవి బిళ్లలూ కాళ్లూ వదులుకోలేదు. సన్నని పొడుగు మూతితో, ఘరియాల్ మొసలి లాగా, తీరం పట్టుకునే బతికాయి. ఇంగ్లండులోని విట్బీ తీరంలో 1758లోనే ఇలాంటి ఎముకల గూడు బయటపడింది. మన వైపూ ఉంది కబురు: ప్రాణహిత ఒడ్డున, సిరొంచ దగ్గర ‘కోట’ అని పిలిచే రాతిపొరల్లో దొరికిన మొసలి జాతి ఎముకల గురించి రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త 1852లో లండన్‌లో రాశాడు. అవి ఈ పొడుగు మూతి వంశానివే. విచిత్రమేమిటంటే ఆ కోట రాళ్లు మంచినీటి రాళ్లు! థాయిలాండ్‌లోనూ ఈ వంశం మంచినీటి రాళ్లలోనే దొరికింది. సముద్రపు ఇంటిపేరు పెట్టుకుని నదిలో కాపురమన్నమాట.

ఈ రెండు శాఖలనూ కలిపి 1901లో ఎబర్‌హార్డ్ ఫ్రాస్ అనే శాస్త్రవేత్త థలాటోసూకియా అని పేరు పెట్టాడు. సముద్రపు మొసళ్లని అర్థం. వంశవృక్షంలో వాటినెక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం ఇప్పటికీ తెగలేదు. మూతి పొడుగు చూసి కొందరు వాటిని పొడుగు మూతి మొసళ్ల పక్కన పెడతారు. పుర్రె లోపలి ఎముకలు చూసినవాళ్లు, ఇవి చాలా ముందే వేరుపడ్డాయంటారు. నా మొగ్గు రెండోవాళ్ల వైపే. మూతిని నమ్మితే ఎలా మోసపోతామో ఆసిఫాబాద్ దగ్గరి మలేరి రాళ్లు చూపించాయి. అక్కడ దొరికిన పారాసూకస్ అనే శిలాజ జీవి చూడ్డానికి ముమ్మూర్తులా మొసలే. కానీ ముక్కు రంధ్రాలు మూతి కొసన కాదు, కళ్ల దగ్గర! నోటినుంచి గాలిని వేరుచేసే ఎముక పైకప్పూ లేదు. అది వేరే కుదురు.

మరి మన నల్లగొండ, పాలమూరు నేలలో ఏముందంటారా? ఎక్కువగా గ్రానైటే, అందులో ఎముక నిలవదు. వాడపల్లి సున్నపురాయి, ఇళ్లలో పరుచుకునే తాండూరు నాపరాయి సముద్రం అడుగున పేరుకున్నవే గానీ, ఆ సముద్రాలనాటికి ఎముకలున్న ప్రాణి ఇంకా పుట్టలేదు. మనకు మిగిలింది జూరాల మొసలే.

ఎండ ఏటవాలయ్యాక అది నోరు మూసి నీళ్లలోకి జారింది. నాలుగు కాళ్లూ ఒంటికి ఆనించేసుకుంది. ఆ తర్వాత కదిలింది తోక ఒక్కటే.